మిద్దె మీద పాఠం

"గగేయూయి," అన్నాడు అల్లాబకాష్, మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "గగేయూయి," అన్నాడు మళ్ళీ. మూడోసారి ఇంకా నిదానంగా, ఇంకా మెత్తగా అన్నాడు.

టీ గ్లాసుతో పైకి వచ్చిన ఇష్రత్ మెట్ల దగ్గరే ఆగిపోయింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అంత మెత్తటి గొంతుతో తనను ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు ఈ మనిషి.

ఆమె కడప నుంచి సౌదీలోని ఖమీస్ ముషైత్‌కు విజిట్ వీసా మీద వచ్చి ఇరవై రోజులైంది. వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. సాయంత్రం అసర్ నమాజు కాగానే భర్త మిద్దె ఎక్కుతాడు, అమెరికాలో ఉన్న రూత్ అనే ఆమెకు ఫోన్ చేస్తాడు, అర్థం కాని మాటలేవో వల్లె వేస్తాడు.

"ఏం భాషయ్యా అది?" అని మొదటిరోజే అడిగింది.

"చెరోకీ. తెల్లోళ్లు రాకముందు నుంచి అమెరికాలో ఉండేవాళ్ల భాష. మా వాకర్ సారుది."

"మరి రూత్ ఎవరు?"

"సారు కూతురు."

వాకర్ సారు సంగతి ఇష్రత్‌కు తెలుసు. కంపెనీలో పెద్ద ఇంజనీరు. పద్నాలుగేళ్ళు భర్త ఆయన కారే నడిపాడు. పొద్దున కారెక్కగానే సారు తన భాషలో పలకరిస్తాడనీ, అదే భాషలో జవాబు చెప్తే తప్ప బండి కదలనివ్వడనీ సెలవుకు వచ్చినప్పుడల్లా చెప్పి నవ్వించేవాడు. చలికాలంలో జబ్బు చేసి సారు వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. వెళ్తే వెళ్ళాడు, ఆ పాఠాన్ని ఇప్పుడు కూతురు అందుకోవడమేమిటి?

"ఈ వయసులో ఆ మాటలు నీకేం కూడు పెడతాయి?" అంది మొన్న, ఉండబట్టలేక.

"ఈ ఒక్క వారం ఓర్చుకోమ్మే. మళ్లా అవసరముండదు," అన్నాడు అతను, ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ మాటతో ఆమెకు తిండి సహించలేదు. అవసరం ఉండదంటే, వాళ్ళిద్దరూ ఏదో తేల్చుకున్నట్టే కదా. ఇంకొకతె అయితే ఆ రోజే ఫోను నేలకేసి కొట్టేది. ఇష్రత్ రెండు రోజులు నోరు కట్టుకుని తిరిగింది. తన సంసారం తన కళ్ళముందే చేజారిపోతోందని మాత్రం గట్టిగా నమ్మింది.

ఇవాళ టీ గ్లాసు మెట్టు మీద పెట్టేసి కిందికి దిగింది. బట్టల అల్మారాలోంచి అతని నోటుబుక్కు బయటికి లాగింది. తెలుగు అక్షరాల్లో వరసగా రాసుకున్నాడు. ఓసియో అంటే సలాం. తోహిజు అంటే బాగుండావా. వాడో అంటే శుక్రియా. ప్రతి మాట పక్కనా తారీకు, ఒక టిక్కు. పది తప్పిన మనిషి ఇంత బుద్ధిగా చదువుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. చివరి పేజీలో ఇవాళ్టి తారీకు వేసి ఒక్కటే మాట ఉంది.

గగేయూయి. నువ్వంటే నాకు ప్రాణం.

ఇష్రత్ ఆ పుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది. మళ్ళీ ఆ మెట్లన్నీ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"ఎవరికి చెప్తాండావు ఈ మాట?" అని పుస్తకం అతని ముఖం ముందు పెట్టింది.

అల్లాబకాష్ తడబడలేదు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోను ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి. జుట్టు చెదిరిపోయి, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. ఇష్రత్ చూస్తుండగానే ఆమె పెదవులు వణికాయి.

"గగేయూయి," అంది.

ఇష్రత్ నిలువునా నీరైపోయింది. కట్టుకున్న పెళ్ళాం ఎదురుగా ఉంటే ఎంత తెగింపు!

"నా ముందరే అంటాందే నీతో," అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"నాతో కాదు ఇష్రత్, వాళ్ల నాయనతో. పక్కన మంచం మీద ఉండాడు చూడు."

చూసింది. దిండు మీద వాకర్ సారు, ముక్కుకు గొట్టం. కూతురు చెయ్యి ఆయన గుప్పిట్లో ఉంది. ఆయన కళ్ళు తెరుచుకుని కూతురి వైపు తిరిగాయి.

"పక్షవాతం వచ్చినంక సారుకు ఇంగ్లీషంతా పోయింది. చిన్నప్పటి మాటలొకటే మిగిలినాయి. ఇంగ వారం కంటే ఉండడని డాక్టర్లు చెప్పేసినారు."

తాను ఇన్నాళ్ళూ అనుకున్నదానికి ఇష్రత్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు.

"కన్నబిడ్డ వాళ్ల నాయనతో వాళ్ల భాషలో చెప్పుకునేదానికి, నడాన నువ్వెందుకయ్యా?"

అల్లాబకాష్ ఆమె కొంగుతోనే ఆమె కళ్ళు తుడిచాడు.

"ఆ బిడ్డకు ఆ భాష రాదు, నేనే నేర్పిస్తాండా."