ఏ ఈడుకు ఆ పుస్తకం

దర్శనం క్యూ కంపార్టుమెంటు ఇనుప గేటుకు తాళం పడింది.

ఇక దేవుడు పిలిచేదాకా బయటికి దారి లేదు.

వేసవి సెలవులు. కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ప్రసన్నకుమారి బంగారుపాళ్యం నుంచి మొగుడినీ, పదకొండేళ్ళ కూతురు పల్లవినీ వెంటబెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. మొగుడు ధనంజయ అప్పుడే గోడకు ఆనుకుని గురక మొదలుపెట్టాడు. ఆయనకేం, మహారాజు, ఎక్కడైనా నిద్రపడుతుంది.

ఆమెకే ఊపిరాడటం లేదు. చుట్టూ ఇనుప కమ్మీలు, చెమట వాసన, పిల్లల ఏడుపులు. లేచి నిలబడితే వెనకవాళ్ళు తిడతారు, కూర్చుంటే కాళ్ళు చాపే చోటు లేదు.

ఆ ఏడుపుల మధ్య ఒక మనిషి గుడ్డసంచి విప్పాడు.

యాభై ఏళ్ళుంటాయి. గుండు, గుండుకు చందనం, మాసిన పంచె. సంచి నిండా పిల్లల పుస్తకాలు.

గుక్కపట్టి ఏడుస్తున్న ఒక బుడ్డోడి చేతిలో ముందుగా పెద్ద పెద్ద బొమ్మల పుస్తకం పెట్టాడు. మూడేళ్ళ బిడ్డకు అక్షరాలతో పనేముంది, పేజీ తిప్పితే ఏనుగు కనపడాలి, తొండం పట్టుకుని లాగబోవాలి అన్నాడు వాళ్ళమ్మతో. వాడు నిజంగానే లాగబోయాడు. ఏడుపు మానేశాడు.

ఏడేళ్ళ కవలలకు దొంగను ముప్పుతిప్పలు పెట్టే మేక కథ ఇచ్చాడు. ఆ ఈడుకు నవ్వు ముఖ్యమట. నీతి ముందు పెడితే పుస్తకం మూసేస్తారట.

కాసేపటికి గది సద్దుమణిగింది. మావాడికి ఆరు, మా పాపకు తొమ్మిది అంటూ తల్లులు చుట్టూ చేరారు. డాక్టరు మందు చెప్పినట్టు ఏ ఈడుకు ఏ పుస్తకమో చెప్పుకుంటూ పోయాడు. అన్నీ తనే చదివి చూశాడట.

ప్రసన్నకుమారికీ మనిషి నచ్చాడు, పల్లవి దగ్గరికి వచ్చేదాకా.

"నీకెన్నేండ్లు పాపా?"

"పదకొండు."

అతను సంచి అడుగునుంచి ఒక లావు పుస్తకం తీశాడు. ఒంటరిగా పడవ వేసుకుని సముద్రం మీదికి పోయిన పిల్ల కథ అది.

"లావుగా ఉండాదని భయపడొద్దు. నాలుగు పేజీలు ఓర్చుకో. ఆ తర్వాత అదే నిన్ను ఇడవదు."

పల్లవి పుస్తకంలో పడిపోయింది. అతను మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. పిల్ల ముఖం వంకే చూస్తూ కూర్చున్నాడు. మీదే ఊరు, పుట్టింది అక్కడేనా, చిన్నప్పుడు ఇంకెక్కడైనా ఉన్నారా అని ఒకటే ఆరా.

తల్లికి అవతల ఇంకో ఆడపిల్లనూ ఇవే ప్రశ్నలు అడిగాడని అప్పుడు తట్టింది. మగపిల్లల్ని ఒక్కణ్ణి కూడా అడగలేదు. ఆ ఏడు ఎక్కడ విన్నా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ కబుర్లే.

మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయన "ఊరుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. గేటుకు చూస్తే తాళం. పిల్లను తీసుకుని ఎక్కడికి పోతుంది?

కూతుర్ని దగ్గరికి లాక్కుని, తెగించి తనే అడిగింది.

"ఏమప్పా, నీకెంతమంది బిడ్డలు?"

"ఒక్క పాపేనమ్మా."

"యాడుండాది?"

అతను తల వంచుకున్నాడు.

"ఒక్క పాపకు ఇన్ని పుస్తకాలా? మూడేండ్లవీ, ఏడేండ్లవీ, పదేండ్లవీ అన్నీ ఎవురికప్పా? ఎవురి పిల్లల్ని మచ్చిక చేసుకునేదానికి?"

అంతే, గదిలో ఉన్నవాళ్ళంతా లేచారు. ఇందాక అడిగి అడిగి తీసుకున్న తల్లులే పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాగి అతని మీదికి విసిరారు. ఎవరో చెంప మీద కొట్టారు. అరుపులకు కాపలావాడు పరుగెత్తుకొచ్చి గేటు తీశాడు. కొత్తగా చేరిన కుర్రవాడు, వాడికేం తెలుసు.

దెబ్బ తిన్నా అతనికి కోపం రాలేదు. చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను బయటికి పంపొద్దు. ఎవుర్నీ తాకను. మూలన కూసోని సూస్తా ఉంటా, అంతే."

చూస్తాడట! ఆ మాటతో ఇద్దరు మగవాళ్ళు రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చేశారు. గేటుకు మళ్ళీ తాళం పడింది. ప్రసన్నకుమారికి ప్రాణం కుదుటపడింది.

దర్శనమై బయటికి వచ్చాక చూస్తే లావు పుస్తకం పల్లవి దగ్గరే ఉంది. పావడా మడతల్లో దాచుకుని లైన్లో నడుస్తూనే సగం చదివేసింది. ఆయన మంచోడేనమ్మా అని కూడా అంది. దొంగవాడి సొత్తు మన గడప తొక్కకూడదని తల్లి పుస్తకంతో సహా పిల్లను పోలీసుల దగ్గరికి లాక్కుపోయింది.

పెద్దవయసు కానిస్టేబులు జయరావు ఆ పుస్తకాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఎల్లప్పది. పట్టించింది మీరేనామ్మా?"

అవునంది గర్వంగానే.

"ఆయప్ప దొంగ కాదు. జనం కొట్టి సంపేస్తారని నేనే కిందికి బస్సెక్కించినా. ఈ ఏటికి ఇంతే. ఇంక మళ్ళా ఎండాకాలం సెలవులకే వచ్చేది."

"ఎందుకొస్తాడు?" అంది.

జయరావు పుస్తకాన్ని పల్లవి చేతికే తిరిగి ఇచ్చాడు.

"ఆయప్ప కూతురు మూడేండ్లప్పుడు కింద బస్టాండులో తప్పిపోయిందమ్మా. ఉంటే ఈ పాప ఈడే. ఈ ఏటికి ఎంత ఎదిగుంటాదో అనుకోని, ఏడాదికొక పుస్తకం చదివి సూసి కొంటాడు. పెంచుకునేవాళ్ళు ఎవురైనా సరే, ఒకనాటికి మొక్కు తీర్చను బిడ్డను కొండకు తీసుకురాకపోతారా అని, ఆ నాయన ఈ గేట్ల ఎనక కూసోని ఎదురుసూస్తా ఉంటాడు."