తేనెలాంటి నీళ్ళు

"నీ పురుగులు దారి తప్పాయమ్మా!" అన్నాడు డైరెక్టరు, ఇసుక నింపిన గాజుపెట్టెని వేలితో టకటకా కొడుతూ.

శాస్త్రవేత్త పెట్టె మీదికి ఒంగి మళ్ళీ చూసింది. పొద్దున పెట్టె మధ్యలో తన బాక్టీరియాని వదిలింది. చీకట్లో పచ్చగా మెరిసే రకం. కుడివైపు పెట్రోలు కలిపిన నీళ్ళు, ఎడమవైపు మంచినీళ్ళు. నేల కింద పెట్రోలు ఎక్కడ ఇంకినా వెతుక్కుంటూ వెళ్ళి తినేసే జాతి అది. కుడివైపుకే పోవాలి. తీరా సాయంత్రం లైటు ఆర్పి చూస్తే పచ్చచార రెండు వైపులా పాకింది!

"నిన్నటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు సార్. బెల్లం ఎక్కడుందో చీమకి ఎవరైనా చెప్పాలా? వీటికి కళ్ళు లేవు, ముక్కు లేదు, ఐనా..."

"ఐనా మంచినీళ్ళకీ విషానికీ తేడా తెలీదు. నువ్వేం మాయ చేస్తావోనని మంచినీళ్ళు మా ఇంటి బావి నుంచి నేనే తెచ్చా. అందుకే గుట్టు బయటపడింది. రేపు ఈ గదికి తాళం. వీటిని సింకులో పారబొయ్యి."

అని తన సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాడు. ఆఫీసు నీళ్ళు ఆయన ముట్టడు. "ఏం నీళ్ళమ్మా, తేనె అనుకో! ఇల్లంటే మాదే. ముందు బజారు, వెనక పెట్రోలు బంకు, పెరట్లో ఎండాకాలంలోనూ ఎండని బావి."

పిల్లల్లా సాకినవాటిని పారబొయ్యడమా! ఆమెకి ఏడుపొచ్చింది. సింకు దాకా వెళ్ళినదల్లా ఆగి, వెనక్కి తిరిగింది.

"ఆ సీసాలోంచి ఒక్క చుక్క ఇవ్వండి సార్."

గాజుపలక మీద బాక్టీరియా బొట్టు పెట్టింది. ఒక అంచున కాచి వడపోసిన నీటిచుక్క తాకించింది, రెండో అంచున ఆయన బావి నీళ్ళు. "ఇప్పుడు చూడండి" అంది.

డైరెక్టరు విసుక్కుంటూనే మైక్రోస్కోపులోకి ఒంగాడు.

"ఓరి వీటి దుంపతెగ!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

కాస్త ఈది, ఆగి, పల్టీ కొట్టి, దిక్కు మార్చుకుని, మళ్ళీ ఈది... వేలకి వేలు బడి వదిలిన పిల్లల్లా ఒకే అంచుకి చేరిపోతున్నాయి. ముందు నడిచేవాళ్ళు లేరు, దారి చూపేవాళ్ళు లేరు. కాచిన నీళ్ళ మొహం చూసిన పాపాన పోలేదు.

"అబ్బబ్బ, ఏం తెలివి! చూశావా, మా బావి నీళ్ళ రుచి వీటిక్కూడా తెలిసిపోయింది!" అని పొంగిపోతూ సీసా మళ్ళీ పైకెత్తాడు.

ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"అవి రుచికి రాలేదు సార్, పెట్రోలుకి వచ్చాయి... ముందు ఇంటికి ఫోన్ చేసి, ఆ బావి నీళ్ళు ఎవర్నీ తాగొద్దని చెప్పండి!"