నాన్న శ్రుతి

"ఇదీ మెడ వంగిందే!" అంటూ లెవీ ఆ గిటారుని బల్లమీద పెట్టేశాడు.

ఎల్మాకి ఏడుపొక్కటే తక్కువ.

పొద్దుటినుంచి కొకోపో పట్నంలో పాత సామాన్ల దుకాణాలన్నీ తమ్ముణ్ణి వెంటేసుకుని తిరుగుతోంది. ఒక గిటారుకి కడుపు పగిలింది. ఇంకోదానికి తీగలు పట్టి ఉంచే చెక్క లేచిపోయింది. చంకలో తన పిల్లాడు ఒకటే పేచీ.

రేపే నాన్న సమాధికి సిమెంటు పండగ, మట్టి సమాధిని సిమెంటుతో కట్టి ఊరికి విందు పెట్టే రోజు.

ఊరంతా వస్తుంది. పందుల్ని కోస్తారు. నాన్న కట్టిన పాట పాడాలి. లెవీ తన గిటారు మీద ఎన్నిసార్లు వాయించినా అమ్మ తల అడ్డంగా ఊపి, "ఇది కాదురా" అంటోంది.

నాన్నది పన్నెండు తీగల గిటారు, పెద్ద కడుపుది. అగ్నిపర్వతం పేలినప్పుడు ఇంటితోపాటు బూడిదలో కూరుకుపోయింది. ఊరు చెదిరిపోయాక నాన్న మళ్ళీ గిటారు పట్టనేలేదు.

అలాంటిదే దొరికితే పాట కూడా అలాగే వస్తుందని ఎల్మా ఆశ.

"దొరికినా రాదక్కా," అన్నాడు లెవీ. "నాన్నావాళ్ళ గిటార్ల మేళం శ్రుతే వేరు. నాన్న మనకెప్పుడైనా చెప్పాడా? కింద పెట్టే ముందు తీగల బిరడాలన్నీ వదులు చేసేవాడు, ఇంట్లోవాళ్ళం కూడా శ్రుతి దొంగలమైనట్టు."

"నోర్ముయ్. పోయినాయన్ని ఆడిపోసుకోకు."

చేపల బజారు చివర గోనెపట్టా మీద ఒక ముసలాయన కూర్చుని వక్క నములుతున్నాడు. పక్కన మూట. ఒళ్ళో గిటారు. పెద్ద కడుపు, పన్నెండు తీగలు.

"అమ్ముతావా తాతా?"

పలకలేదు.

"తాతా! గిటారు అమ్ముతావా?"

"గట్టిగా చెప్పమ్మా. ఒక చెవి ఎప్పుడో పోయింది, రెండోదీ పోతోంది."

లెవీ పకపకా నవ్వాడు. "చెవిటాయన దగ్గర గిటారా అక్కా! పద, గుడ్డాయన దగ్గర నీకో పూల గౌను కూడా కొందాం."

కానీ గిటారు తిప్పి చూశాక నవ్వు ఆగింది. మెడ తిన్నగా ఉంది. ఎక్కడా పగులు లేదు.

"బాగానే ఉందే," అన్నాడు, తప్పు దొరకనందుకు చిరాగ్గా.

"ఎందుకమ్ముతున్నావ్ తాతా?" ఎల్మా గొంతు పెంచింది.

"సాయంత్రం బూకా దీవికి ఓడెక్కుతున్నా. కూతురి దగ్గరికి. ఇంక ఇటు వచ్చేది లేదు. వినపడనివాడికి దీంతో పనేంటి? నీకెందుకమ్మా ఇది?"

"రేపు మా నాన్న సిమెంటు!"

"ఎవరూ?"

"తోవర్పిన్!" అని అరిచింది. చేపలమ్మే ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. పిల్లాడు జడుసుకుని రాగం అందుకున్నాడు.

ముసలాయన నమలడం ఆపేశాడు.

"మీ అమ్మ ఉందా?"

"ఉంది!"

ముసలాయన లెవీ చేతిలోంచి గిటారు తీసుకుని, వాళ్ళకి వీపు తిప్పి కూర్చున్నాడు. గిటారు భుజానికి దవడ ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కో బిరడా తిప్పుతూ పోయాడు.

"చూశావా? ఈయనా పాత మేళం బాపతే," లెవీ గొణిగాడు. "అమ్మేటప్పుడు కూడా శ్రుతి చెడగొట్టే ఇస్తాడట. ఏం కక్కుర్తి!"

అవతల ట్రక్కు హారన్ మోగుతోంది. పిల్లాడి ఏడుపు ఆగడం లేదు. ముసలాయన వేళ్ళు మాత్రం తొందరపడ్డం లేదు.

"తాతా, మా ట్రక్కు పోతోంది! ఇస్తావా ఇవ్వవా?"

చివరికి డబ్బు అందుకుని, తన పైగుడ్డ తీసి గిటారుకి చుట్టి, ఎల్మా చేతికిచ్చాడు.

"మీ అమ్మ ముందు విప్పండి," అన్నాడు.

ట్రక్కెక్కగానే లెవీ విప్పేశాడు. తనకొచ్చిన పట్టు పట్టి ఒక్కసారి మీటాడు. తీగలన్నీ ఒకదానిమీద ఒకటి పడి కీచుమన్నాయి.

"పండగ రేపు కదా, పందిని ఇవాళే కోస్తున్నావేంటయ్యా?" అంది ఎదుటి బల్లమీదావిడ.

ట్రక్కంతా ఘొల్లుమంది.

ఎల్మా మొహం మాడిపోయింది. "సరిచెయ్యరా."

"ఇంటికెళ్ళాక చేస్తాలే. కుదుపులకి చెయ్యి నిలవడం లేదు."

"ఇప్పుడే చెయ్యి! అమ్మ ముందు ఇలా మోగితే? ఉన్న డబ్బంతా తగలేశానని అనదూ?"

లెవీ విసుక్కుంటూనే పన్నెండు తీగలూ చర్చిలో వాయించే శ్రుతికి తెచ్చాడు. ఇప్పుడు మీటితే తియ్యగా ఉంది. ఎల్మా ఊపిరి పీల్చుకుంది.

ఇంటి ముందు అమ్మ రేపటికి చేమదుంపలు చెక్కుతోంది. లెవీ కూర్చుని పాటంతా వాయించాడు.

అమ్మ చివరిదాకా వింది.

"ఇది కాదురా," అంది.

"ఇంకేం కావాలమ్మా నీకు?" ఎల్మా అరిచేసింది. "పిల్లాణ్ణి చంకనేసుకుని ఎండలో తిరిగి, అచ్చం నాన్నలాంటిదే తెచ్చాం కదా! ఆ చెవిటి ముసలాయన బిరడాలన్నీ తిప్పేసి ఇస్తే, వీడు దారంతా తంటాలు పడి సరిచేశాడు. నీకు మాత్రం నచ్చదు!"

అమ్మ చేతిలో కత్తి ఆగింది.

"చెవిటాయనా? ఎలా తిప్పాడు?"

"ఎలాగేముంది! అటు తిరిగి కూర్చుని, గిటారుకి దవడ ఆనించి, కళ్ళు మూసుకుని..."

చెబుతూ చెబుతూ ఎల్మా ఆగిపోయింది.

శ్రుతి చెడగొట్టేవాడు కళ్ళు మూసుకుని వినడం దేనికి?

రేవు వైపునుంచి ఓడ కూత వినిపించింది.

అమ్మ ఆ పైగుడ్డని ఒళ్ళోకి తీసుకుంది.

"మీ నాన్న శ్రుతి దాచాడని ఇన్నాళ్ళూ తిట్టుకున్నారు గానీ, ఆయనకి పాట కట్టడమే తప్ప శ్రుతి చెయ్యడం రానే రాదు," అంది. "ఊరు చెదిరిపోయేదాకా రోజూ ఇలాగే దవడ ఆనించి, ఆయన గిటారు శ్రుతి చేసిచ్చింది ఆ ముసలాయన, తోకియాలే."