పెరటి పాచి

“అది వద్దమ్మా. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ రెండు వానాకాలాలు కూడా రాదు,” అంటూ దుకాణం ఆవిడ ఎర్రగా మెరిసిపోతున్న ప్రెషర్ వాషర్‌ని కాలితో పక్కకి నెట్టేసింది.

చెల్లెలి ముఖం చిన్నబోయింది. ఆ ఎరుపు చూసే ఆమె మనసు పడింది.

“దాని లోపలి పంపు ప్లాస్టిక్‌ది. వేడెక్కిందంటే పగులుతుంది. ఇదిగో, ఇది చూడండి. లోహపు పంపు. చెడిపోయినా విడిభాగాలు దొరుకుతాయి. మూలన కూచోబెట్టే పని ఉండదు.”

“నీళ్లు ఎంత గట్టిగా కొడుతుందండీ?” అడిగాడు బావ.

“నూట ముప్పై బార్ల ఒత్తిడి. కారుకీ, గోడకీ, గచ్చుకీ బోలెడు.”

“అంతకంటే గట్టిది లేదా?”

“ఎందుకు లేదూ! కానీ ఇంటికెందుకు? పాచితో పాటు సిమెంటు కూడా లేచొస్తుంది.”

“రానివ్వండి. ఆ గచ్చు మీద నాకంత కసిగా ఉంది,” అన్నాడు బావ. “మా ఆవిడ ఆ పాచి మీదే జారిపడిందండీ. పెరటి మెట్టుకి తల కొట్టుకుంది. దవడ విరిగింది. కడిగిస్తానే, కాస్త ఆగవే అంటే వినిపించుకుంటేగా!”

దుకాణం ఆవిడ నొచ్చుకుంది. “అయ్యో! ఇప్పుడెలా ఉన్నారు?”

“ఇవాళే ఇంటికి తీసుకెళ్తున్నాం. అదిగో, కారులో కూర్చుంది.”

చెప్పి ఊరుకోలేదు. అద్దాల తలుపు తీసుకుని వెళ్లి, కారు కిటికీలోంచి భార్య తలకింద దిండు సర్ది వచ్చాడు. వచ్చింది మొదలు ఇది మూడోసారి.

“నేను వెళ్లి అక్క పక్కన కూచుంటాలే బావా. బేరం మీరు చూడండి,” అంది చెల్లెలు.

“భలేదానివే! కొనేదానివి నువ్వు. నచ్చకపోతే రేపు నన్ను తిడతావు. తనని నేను చూసుకుంటాగా.”

ఆ మనిషంటే చెల్లెలికి గౌరవం పెరిగిపోయింది ఈ నెలలో. ఆసుపత్రిలో మంచం పక్కనుంచి కదిలితే ఒట్టు. తను వెళ్లినప్పుడల్లా “నువ్వెళ్లి పడుకో మరదలా, మీ అక్క నా చేత్తో అయితేనే జావ తాగుతుంది” అని పంపేసేవాడు. ఆయన స్నానానికి వెళ్తే ఆ కుర్చీలో ఆయన తల్లి కూచునేది. అలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడని నర్సులే చెప్పుకునేవారు. దవడకి కట్టిన తీగలు విప్పాక కూడా అక్క పెదవి విప్పలేదు. పడిన భయం ఇంకా వదల్లేదు, మెల్లగా మాట్లాడుతుందిలే అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. తర్వాత చెల్లెల్ని పక్కకి పిలిచి, “ఇంకోసారి తలకి దెబ్బ తగిలితే మాత్రం దక్కదు” అంది.

ఆ మాటే చెల్లెల్ని దుకాణానికి తరిమింది. రేపు తను ఉద్యోగానికి వెళ్లిపోవాలి. అక్కని ఆ పెరట్లో, ఆ పాచిలో వదిలి ఎలా వెళ్తుంది? వెళ్లేలోగా గచ్చు కడిగి తీరాలి.

“ఈ లోహపు పంపుదే ఇవ్వండి,” అంది.

ఇంటికి చేరగానే అక్కని పెరటి వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బావ ఆమె భుజమ్మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెల్లెలు గొట్టాన్ని కుళాయికి తగిలించి, చేతిలోని పిడికున్న మీట నొక్కింది. మిషను ఒక్కసారి హోరెత్తింది. నల్లటి గచ్చు మీద తెల్లటి చార పడింది. ఇంకో చార. పచ్చటి నీళ్లు కాలవ కట్టి పారాయి.

“అబ్బో! మా మరదలు ఉద్యోగం మానేసి ఊళ్లో గచ్చులన్నీ కడగొచ్చు!” అని అరిచాడు బావ.

అంతలో వీధి గేటు దగ్గర ఎవరో పిలిచారు. అక్కని చూడటానికి వచ్చిన పక్కింటివాళ్లు. బావ ఒక్క క్షణం తటపటాయించి, గేటు తీయడానికి వెళ్లాడు.

చెల్లెలు మీట వదిలింది. హోరు ఆగింది. అక్క దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూచుంది.

“చూశావా అక్కా? అద్దంలా ఉంది. ఇక నేను నిశ్చింతగా వెళ్తాను. ఈ పెరట్లో నువ్వు జారిపడే పనే లేదు.”

అక్క గేటు వైపు చూసింది. ముందుకి వంగి, పుల్లల్లాంటి వేళ్లతో చెల్లెలి చేతిలోని మీటని తనే నొక్కింది. మిషను మళ్లీ హోరెత్తింది. నీళ్లు ఎటో గోడకేసి కొట్టాయి.

“అక్కా, ఏంటిది? తడిసిపోతావే!”

అక్క మీట వదల్లేదు. రెండో చేత్తో చెల్లెలి మెడ పట్టి దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టింది.

“నేను జారిపడలేదే.”