వైరస్ దూరని కంప్యూటర్

రంగనాథం చీర డిజైను రెండోసారి కూడా దొంగలపాలైంది. నగరిలోని ఆయన మరమగ్గాల మీద కొత్త చీర ఇంకా పూర్తిగా ఎక్కనే లేదు. వెనక వీధిలో మురుగేష్ షెడ్డులో మాత్రం అదే పువ్వు, అదే అంచు టకటకమని దిగిపోతున్నాయి. పైగా చవగ్గా.

"కంప్యూటర్లో వైరస్ దూరింటాది. డిజైనులన్నీ దాన్నించే పోతా ఉండాయి," అని రంగనాథం తేల్చేశాడు. ఆయన తేల్చాక ఇంకొకరు తేల్చే అలవాటు ఆ షెడ్డులో లేదు.

కంప్యూటర్లు బాగుచేసే సునీల్‌కుమార్‌ని తిరుపతి నుంచి పిలిపించారు. మొదటి దొంగతనం తర్వాత విండోస్ పీకేసి లైనక్స్ వేసి వెళ్ళినవాడు ఇతనే. ఈసారి దాని బదులు అంతకన్నా అరుదైన సిస్టమ్ తెచ్చాడు. దాని పేరు నోరు తిరగడానికే రంగనాథానికి ఒక పూట పట్టింది.

"వైరస్ రాసేవాడు కూడా యాపారస్తుడే అన్నా. ఊరంతా వాడే తాళానికే దొంగ తాళంచెవి చేస్తాడు. లోకంలో నలుగురు వాడే తాళానికి ఎవడు చేస్తాడు చెప్పు?"

"ఎవరప్పా ఆ నలుగురు?"

"ఇంతవరకూ ముగ్గురే. నాలుగోవాడివి నువ్వే."

రంగనాథం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పక్కనే ఉన్న లోహిత ఊరుకోలేకపోయింది. ఆ కంప్యూటర్లో చీరల డిజైన్లు గీసేది ఆ అమ్మాయే. "దొంగలు ఆ దారిలో తక్కువగా వస్తారనేది నిజమే సార్. అంతమాత్రాన తలుపు గట్టిదని కాదు. పాస్‌వర్డు గోడ మీద రాసి పెట్టుకుంటే ఏ సిస్టమైనా ఏం చేస్తాది?"

"నువ్వు పువ్వులు గీయి పాపా. తలుపుల సంగతి నేను సూసుకుంటా."

అన్నాడే గానీ ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. తాళాన్ని తప్పుపట్టేవాళ్ళకు ఆ తాళంతో ఏం పనోనని అనుమానం పట్టుకుంది.

కొత్త సిస్టమ్‌లోకి వైరస్ రాలేదు. నిజం చెప్పాలంటే ఏదీ రాలేదు. ప్రింటరు రాలేదు, తెలుగు అక్షరాలు రాలేదు, లోహిత వాడే డిజైను సాఫ్ట్‌వేర్ అసలు గడపే తొక్కలేదు. పాపం, ఆ అమ్మాయి దొరికినదాంతోనే చుక్క చుక్కా పెట్టి, కళ్ళు ఎర్రబడేదాకా కూర్చుని, ఆడికృత్తిక పండక్కి కొత్త చీర గీసింది. ఒళ్ళంతా నెమలి పింఛాలు, అంచున ఈటెల్లాంటి వేలాయుధాలు. ఇదీ పోతే మగ్గాలు అమ్ముకోవడమేనని రంగనాథం ఇంట్లో చెప్పేశాడు. ఇంటర్నెట్ వైరు పీకించాడు. గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కంప్యూటర్‌కు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కూడా వేలాడదీశాడు. దాన్నిబట్టి నలుగురే వాడే ఆ తాళం మీద ఆయనకెంత నమ్మకముందో అర్థం చేసుకోవచ్చు.

మొదటి చీర నేయించి కళ్ళకద్దుకున్నాడు. మిగతా మగ్గాలకు ఎక్కించడానికి మంచిరోజు చూసుకుని ఆగాడు. మంచిరోజు కన్నా ముందే పుత్తూరు దుకాణాల్లో నెమలి పింఛాలు వేలాడాయి. నేసింది మురుగేష్.

రంగనాథానికి బీపీ పెరిగింది. సునీల్‌కుమార్ పరుగున వచ్చి కంప్యూటరంతా గాలించాడు. "లోపలికి చీమ కూడా దూరలేదన్నా," అని గర్వంగా చెప్పాడు. తాళం మంచిదైతే ఇక మిగిలేది దాని ముందు పనిచేసే మనిషే కదా. మన దగ్గర నేరాలన్నీ ఇంత సులువుగానే తేలిపోతాయి.

లోహితను స్టేషనుకు పట్టుకెళ్ళారు. రంగనాథం అమ్మవారి గుడి ధర్మకర్త కాబట్టి ఆయనకు కుర్చీ వేశారు. లోహిత నిలబడింది. వాళ్ళ నాయన కూడా రంగనాథం షెడ్డులోనే మగ్గం నడుపుతాడు. కూతురికి దొంగ అన్న పేరొస్తే ఇద్దరి కూడూ పోతుంది. ఆ ఊళ్ళో ఇంకో షెడ్డు వాళ్ళకు పనివ్వదు.

"ఒక్కో చుక్కా నేనే పెట్టినాను సార్. నా చేత్తో గీసిందాన్ని నేనే అమ్ముకుంటానా?" అని ఏడ్చింది.

"ఎవరి చేత్తో గీసినా చీర నాది," అన్నాడు రంగనాథం. ఏడుపు ఆయన లోపలికి కూడా దూరలేదు.

ఎస్సై జయరావు మురుగేష్‌ని పిలిపించాడు. అతను వక్క నములుతూ తాపీగా వచ్చాడు.

"ఏమప్పా, ఈయన సిస్టమ్‌లోకి ఎట్ల దూరినావు?"

"సిస్టమా? నాకు సెల్‌ఫోన్లో అలారం పెట్టేది కూడా రాదు సార్."

"మరి డిజైను యాడిది?"

"చీర ముందర పెట్టుకుంటే చాలదా సార్? మా డిజైనరు సూసి గీసేస్తాడు."

"బయటికే రాని చీర నీకెట్ల దొరికింది? ఈ పాప ఇచ్చిందా?"

"అయ్యో, ఆ పాప మొహం ఇప్పుడే సూస్తా ఉండా. గుళ్ళో కొన్నాం సార్, నలుగురి ముందర, వేలం పాటలో."

రంగనాథం కుర్చీలో కదిలాడు. మురుగేష్ నిదానంగా చెప్పాడు.

"దొంగల కన్ను పడకూడదని ఈయన ప్రతి డిజైనులో మొదటి చీర అమ్మవారికి కట్టిస్తాడు. అమ్మవారికి కట్టిన చీరలు శుక్రవారం గుళ్ళోనే వేలం వేస్తారు. సత్యవేడు నించి మా అత్త వచ్చి పాడుకుంటాది."

"ఆ వేలం వేసేదెవరు?" అన్నాడు ఎస్సై.

"ధర్మకర్తే గదా సార్ వేయాల! మూడు తూర్లూ మడత నలగకుండా, పైన కుంకుమ పెట్టి, 'శానా భక్తి తల్లీ నీకు' అని మా అత్త చేతిలో పెట్టింది ఈ పెద్దాయనే."