వైసు మీది గాట్లు

ఆదివారం ఉదయం, మాంగో బస్తీలో తండ్రి పైపులు కోసిచ్చే షాపులో, తాత వదిలివెళ్ళిన, పైపును కదలకుండా పట్టే పాత వైసును అమర్ బాగుచేసి బల్లకు బిగించాడు.

"ఏక్‌దమ్ నయా, నాన్నా! తుప్పు మొత్తం వదిలిపోయింది. ఇక కొయ్యి."

ఆదిబాబు పైపును వైసులో పెట్టి, దాని దవడ అంచును బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాడు.

"ఒరే, గాట్లేటయ్యాయిరా?"

"అవా? అరిగి ఖరాబ్ అయ్యాయని గ్రైండర్‌తో సాఫ్ చేసేశాను."

"అరగడమేటిరా! అంగుళానికొకటి నేనే కొట్టుకున్నాను. ఇన్నాళ్ళూ అవి తడుముకునే కోత్తన్నాను. ఇప్పుడెలాగ కొయ్యను?"

అమర్ నవ్వాడు. "తడుముకోవడం దేనికి? స్కేల్ హై నా, నీ ముందే!"

"ఏదిరా?"

ఆదిబాబు చెయ్యి బల్ల మీద వెతుకుతూ స్టీలు స్కేలు పక్కనుంచే వెళ్ళిపోయింది.