తల లేని కొంగ

“పటాల మీద చెయ్యేసినవంటే మంచిగుండదు!” బలరాం మేస్త్రీ బల్లకు అడ్డంగా నిలబడ్డాడు.

“నా పటాల మీద నేను చెయ్యేస్తే నీకేందిరా?” భోజ్యా తగ్గలేదు.

జనగామలో పాత బట్టలు, బొమ్మల పటాలు బాగుచేసే రేణుక దుకాణం అది. చెదలు తిన్న, పట్టు అంచులున్న ఆ రెండు చీనా రాతల పటాలతో ఆమె మూడు నెలలు కుస్తీ పట్టి బతికించింది. తీసుకుపోవడానికి మానుకోట నుంచి బలరాం వచ్చాడు. సంగతి తెలిసి, పెళ్ళాం రామిని వెంటబెట్టుకుని భోజ్యా కూడా వచ్చి పడ్డాడు.

కరెంటు ప్లాంటు పనిలో ఇనుప దూలం వచ్చి మీద పడబోతుంటే భోజ్యా చీనా ఇంజనీరును పక్కకు నెట్టి, తను రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. తన దేశం వెళ్ళిపోతూ ఆ ఇంజనీరు స్వయంగా రాసిచ్చినవే ఈ పటాలు. అద్దాలు కట్టిస్తానని పట్టుకుపోయిన ఆ పని మేస్త్రీ బలరాం పదేళ్ళయినా తిరిగివ్వలేదు.

“నాకిచ్చిండమ్మా ఇంజనీరు. గంత పెద్ద మనిషి గీనికి పటాలిచ్చుడేంది?” బలరాం వెటకారంగా నవ్వాడు.

రేణుక విసుక్కుంది. “నీయే అంటున్నవు గదా భోజ్యన్నా, నీ కాడున్నప్పుడు ఎట్లుండె?”

“అద్దం లెక్కుండె అక్కా! ఒక్క గీత గూడ లేదు. పాణం లెక్క దాసుకున్న.”

రేణుక రెండో పటం కింది అంచు చూపించింది. పట్టులో నేసిన కొంగల వరసలో మూలనున్న కొంగకు తల లేదు.

“గిది చెదలు తిన్నది కాదు. ఎవరో కత్తెర పెట్టిండ్రు. పాత కోత.”

బలరాం చంకలు గుద్దుకున్నాడు. “ఇగో! నా చేతికొచ్చిన నాడే మూల తెగి ఉండె. వీనియి ఒక్క గీత గూడ లేకుండెనట! మరి ఇవి వీనియెట్లయితయి?”

భోజ్యా తన నోటితోనే తన పటాలు పోగొట్టుకున్నాడు. అవమానంతో గుమ్మం వైపు తిరిగాడు.

“పా రామీ, పోదాం.”

రామి కదల్లేదు. కోత చూసినప్పటి నుంచీ ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. మొగుడి వైపు బెదురుగా చూసింది.

“నన్ను తిట్టకు. నువ్వు పనికి పోయిన నాడు... మంచిగ మెరుస్తున్నదని నేనే కత్తిరిచ్చిన.”

నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచి తీసి పటం మూలకు ఆనించింది. చుట్టూ అద్దాలు కుట్టిన పట్టుముక్క మీద కొంగ తల, పటం మీది మెడకు సరిగ్గా అతికింది.